మేకల పాక ముందు గంతులు

నైరోబీ శివార్లలోని పరిశోధనశాలలో, మేకల పాక ముందు డాక్టర్ కిబివోత్ రబ్బరు బూట్లతోనే గంతులేస్తున్నాడు.

చిన్నప్పుడు ఒక్కసారే టీకా వేసిన ముసలి మేకను తెగులు మేకల మధ్య వదిలారు. ఆ టీకా బలం జీవితాంతం ఉంటుందా, ఏటా వేయాలా అని కిబివోత్, అతని భార్య పెళ్లినాటి నుంచీ పోట్లాడుకుంటున్నారు.

ఆ గంతులు చూసి భార్య డాక్టర్ జెరోతిచ్ మొహం వేలాడేసింది. "గెలిచావుగా? ఇక ఆపవయ్యా, జనం నవ్వుతున్నారు."

"నవ్వనీవే! లోపలికొచ్చి చూడు, ముసల్దానికి ముక్కు కూడా కారలేదు! కాపరులు ఏటా మనకోసం ఎదురుచూడక్కర్లేదు. ఒక్క సూది చాలు!"

"అది నేనన్న మాట కదయ్యా!"

"అవునే! జన్మంతా నేను రాసిందంతా తప్పే!" అంటూ ఆమె రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పాడు.