గంట కాంట్రాక్టు

తెల్లవారుజాము నుంచి ముసురు పట్టింది. గట్టిగా కురవదు, విడవదు. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లు రేకుల పంచలో ఆడకూలీలు కొంగులు నెత్తిన కప్పుకొని నిలబడ్డారు.

దసరా వెళ్లగానే పత్తి బండ్లు వస్తాయి. మిల్లు మొదలయ్యేలోగా, నిప్పంటుకుంటే మోగించే గంట పని ఎవరికి అప్పగించేదీ తేలాలి. అందుకే హైదరాబాదు నుంచి బీమా కంపెనీ ఆయన వచ్చాడు.

పోయిన సీజనులో దూది గదికి నిప్పంటుకుంది. కాపలా హనుమంతు గేటు దగ్గరి తీగ పట్టి లాగాడు, లాగాడు. గంట మోగలేదు. యంత్రాల చప్పుడులో లోపలి ఆడవాళ్లకు ఏమీ తెలియలేదు. తెలిసేసరికి పిల్లల తొట్టెలు కట్టిన వసారా అంటుకుంది. అందరి పిల్లలూ బయటపడ్డారు, కూలి చంద్రవ్వ బిడ్డ తప్ప.

ఆ గంట కాంట్రాక్టు యేసుదాసుది. అప్పటి నుంచి అతనికి ఎవరూ పని చెప్పలేదు. భార్య రిబ్కమ్మ కలుపు కూలికి పోతోంది. ఈ పని మళ్లీ దక్కకపోతే ఊరు విడవాల్సిందే.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు?" బీమా ఆయన అడిగాడు.

"బెల్లంపల్లి బొగ్గుబాయిల, సార్. గంటలు, సైరన్లు అన్ని చేసిన."

"కాగితం ఉందా?"

యేసుదాసు అంగీ లోపలి నుంచి మడత తీసి ఇచ్చాడు. నిజాం కాలపు కాగితం. ఉర్దూలో ఉంది. మిల్లు లెక్కలు రాసే మునీం చదివి వినిపించాడు. పరీక్ష ప్యాసైనట్టే రాసి ఉంది.

బీమా ఆయన అంతటితో ఊరుకోలేదు. వసారా ముందరి గుంజకున్న గంటను దింపించాడు. తీగ విప్పించాడు. మళ్లీ కట్టమన్నాడు. యేసుదాసు స్టూలెక్కి చక్రానికి నూనె పెట్టాడు, తీగ బిగించాడు. గేటు దగ్గర హనుమంతు లాగాడు. గంట ఖంగుమంది. గోడ మీది కాకులు లేచిపోయాయి.

చంద్రవ్వ చెవులు మూసుకుంది.

"పని వచ్చు. మరి ఆ రోజు ఎందుకు మోగలేదు?"

"నాదే కసూరు, సార్. తప్పు నాదే."

"ఏమిటది? తీగ తెగిందా? చక్రం పట్టేసిందా?"

"జర సూసుకోలే."

"ఏది చూసుకోలేదు?"

యేసుదాసు నూనె చేతులు అంగీకి తుడుచుకున్నాడు.

"ఏం జెప్తడు సారూ!" కూలీల్లోంచి బుచ్చవ్వ అందుకుంది. "ప్రార్థన గంటనుకున్నడు. ఆదివారమొక్కటే మోగుతదని ఊకున్నడు!"

కొందరు నవ్వారు. చంద్రవ్వను చూసి ఆపేశారు.

బీమా ఆయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, బిడ్డను పోగొట్టుకున్నది నువ్వు. నీ మాట ఏమిటి?"

"ఆయనకే ఇయ్యుండ్రి. ఆయనకు పనొస్తది."

పంచలో గుసగుసలు లేచాయి.

"మరి ఆ రోజు..."

"ఆ దినం గంట..." చంద్రవ్వ రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఊకో చెల్లే!" యేసుదాసు గట్టిగా అన్నాడు. "ఆమెను అడగకుండ్రి, సార్. కడుపుకోత పడ్డ మనిషి. నాదే కసూరని చెప్తున్న గద."

బీమా ఆయన కలం మూత పెట్టాడు. "పని తెలిసినవాడు పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగలగాలి. చెప్పలేనివాడికి నేను ఒప్పుకోను."

గంట పని నాగపూర్ నుంచి వచ్చిన ఇంకో మనిషికి పోయింది.

యేసుదాసు ముసురులోనే గేటు దాటాడు. వెనకాలే చంద్రవ్వ వెళ్లింది.

"అన్నా, ఇంత తిని పో."

"వద్దు చెల్లే. నలుగురు ఏమన్నా అంటరు."

"అననియ్యి."

మిల్లు పక్కనే ఉన్న చంద్రవ్వ ఇంటి గుమ్మం ఎక్కేలోపే నలుగురూ అన్నారు. "నీ బిడ్డను మింగినోనికి బువ్వ పెడ్తున్నవానే?" బుచ్చవ్వ కేక గోడ మీదుగా వచ్చింది. చంద్రవ్వ తలుపు దగ్గరికి వేసింది.

జొన్నరొట్టె విరిచి చెరి సగం పెట్టింది. పప్పు పోసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను ముక్క తుంచాడు. ఆమె కూడా తుంచింది. చాలాసేపు నమిలారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇంజిను అదురుకు గంట గణగణమంటూ బిడ్డ నిద్ర చెడగొడుతోందని చంద్రవ్వ గంట నాలుకకు చుట్టిన చీర పేలికను, ఆ రోజు మంటలు ఆరీ ఆరకముందే, పోలీసుల కంట పడకుండా విప్పి జేబులో పెట్టుకున్నది యేసుదాసే.