పెట్టెలా, పడవలా

“రెండు వందల శవపేటికలు కావాలమ్మా, వారంలో,” అంటూ సైనికాధికారి కాగితం అందించాడు.

పడవలు కట్టే ఆమె చిత్రిక పట్టడం ఆపలేదు. “చావులు ఆపడానికే వచ్చామన్నారుగా సార్?”

“పోయినసారి కాల్పులప్పుడు మేం రాలేదు, ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ఈసారి ముందే వచ్చాం. ఇది ముందుజాగ్రత్త.”

“ఆ పోయినసారే మా అన్న పోయాడు. పడవ దొరక్క, ఏటి ఒడ్డునే. ఆ తర్వాతే ఈ పని పట్టా.” ఆమె కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది. “పెట్టెలు నేను చెయ్యను. అంత చెక్కతో పాతిక పడవలవుతాయి. కాల్పులు మొదలవకముందే జనాన్ని అవతలికి దాటించండి, చేతనైతే.”

“మాకొచ్చిన ఆర్డరు పెట్టెలకేనమ్మా.”

“అయితే ఇంకో చోట చూసుకోండి.”

అధికారి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. “ఒక్కో పడవకు ఎంతమంది?”

“బతికున్నవాళ్ళయితే పన్నెండు మంది.”