మీవాళ్ల జుట్టుకే

దువ్వెన పన్ను మళ్లీ విరిగింది.

"చాలమ్మా! నెప్పి!"

"కదలకే. కదిలితే ఇంకా లాగుతుంది."

తల్లి టైలరు. ఎంతటి పీటముడినైనా విప్పే చెయ్యి. కూతురి తల దగ్గర మాత్రం ఆమె పప్పులేవీ ఉడకవు. తనవి చీపురుపుల్లల్లాంటి వెంట్రుకలు. పిల్లవి ఉంగరాలు, అచ్చం నాన్నవి.

ఆ నాన్న పోయి ఏడాది దాటింది. బట్టలు పంచేశారు, చెప్పులు ఎవరికో ఇచ్చేశారు. అతనిదంటూ ఇంట్లో మిగిలింది ఆ ఉంగరాలే. పిల్ల నిద్రపోయాక వాటిలో వేళ్లు దూర్చి తల్లి తనివితీరా ఏడ్చుకునేది.

ఇప్పుడవి కొసల్లో విరుగుతున్నాయి.

ఆ సాయంత్రం పని అవగానే పిల్లని వెంటబెట్టుకుని షాపుకి వెళ్లింది.

అక్కడ జుట్టు క్రీముల అరలకి జాతుల పేర్లు పెట్టారు. వీళ్లకో అర, వాళ్లకో అర. సేల్స్ అమ్మాయి పిల్ల జుట్టుని ముట్టుకోనైనా లేదు, ఒంటి రంగు చూసింది.

"పాప వాళ్ల నాన్నగారు ఎవరి తాలూకు మేడమ్?"

తల్లి చెప్పింది.

"అయితే కళ్లు మూసుకుని ఇది తీసుకోండి. వాళ్ల కోసమే చేశారు."

డబ్బా మీద ఒకావిడ ఫొటో. గంపెడు జుట్టు, నిగనిగలాడే ఉంగరాలు. మొహం మాత్రం కనబడదు. దాని మీద షాపువాళ్లు ఎర్ర స్టిక్కర్ అంటించారు. 'మీవాళ్ల జుట్టుకే ప్రత్యేకం.'

మీవాళ్లు!

ఆ మాటకే తల్లి పడిపోయింది. భర్త పోయాక అతని తరఫువాళ్లు ఒక్కరూ ఈ గడప తొక్కలేదు. ఇన్నాళ్లకి ఈ డబ్బా ఒక్కటే ఆమె కూతుర్ని మా పిల్ల అంది.

"అది వద్దమ్మా."

వెనక ఒకావిడ. బక్కపలచటి మనిషి, నుదుటిదాకా తలగుడ్డ, ఎడమ కనుబొమని రెండు ముక్కలు చేస్తూ పాత గాటు.

"ముట్టుకోనా తల్లీ?" అని పిల్లని అడిగి, ఒక పాయని వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఉంగరాలే గానీ వెంట్రుక చాలా సన్నం. ఈ క్రీము మోటు జుట్టుకి పనికొస్తుంది. పాప తలకి బరువు, మాడు మీద పేరుకుపోతుంది. పల్చటిది ఏదైనా తీసుకోండి, ఎవరి అరలో ఉన్నా సరే."

"వీళ్ల నాన్నవాళ్ల జుట్టుకే అని రాసుంది కదండీ!"

"నేనూ ఆ వాళ్లలో దాన్నే. జుట్టుకి జాతేంటమ్మా?" ఆవిడ చూపు తల్లి మెడలో తీయడం మరిచిన టేపు మీద పడింది. "మీరు టైలరు కదూ? తొడుక్కునేది ఏ జాతివాళ్లో అడిగి సూది మారుస్తారా, బట్ట ముట్టుకుని మారుస్తారా?"

జవాబు దొరకని మనిషికి చేతికందేది కోపమే.

"మీ తలమీద ఒక్క వెంట్రుక కనబడదు గానీ, మాకు చెప్పొచ్చారా?"

ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా కదల్లేదు. తల్లి చేతిలోని డబ్బా అందుకుని, ఎర్ర స్టిక్కర్ అంచుని గోటితో గీకడం మొదలుపెట్టింది.

"ఇది చూస్తే మీకే..."

"గార్డ్! మళ్లీ వచ్చింది! డబ్బాలు పాడుచేస్తోంది!" సేల్స్ అమ్మాయి అరిచింది.

గార్డు రెక్క పుచ్చుకుని లాగాడు. తలగుడ్డ జారబోతే ఆవిడ రెండు చేతులతో తల కప్పుకుంది. అలాగే బయటికి పోయింది.

"అమ్మా, ఆవిడ కనుబొమ చూశావా? పాపిడి తీసినట్టుంది" అంది పిల్ల.

"పిచ్చిదే. చూడకు." ఆవిడ చేతిలోంచి జారిపడ్డ డబ్బానే తీసుకుని తల్లి డబ్బు కట్టేసింది.

మొదట్లో జుట్టు మెరిసింది, తల్లి మురిసింది. తర్వాత దురద. రాసింది చాలలేదేమో అనుకుని ఇంకాస్త దట్టించింది. తర్వాత మాడంతా పొక్కులు. ఉంగరాలు అట్టకట్టి, దువ్వెనకి గుప్పెళ్లుగా ఊడివచ్చాయి.

"పుళ్లు మానాలంటే మొత్తం తీసెయ్యాలి" అన్నాడు డాక్టరు. "మచ్చలు పడ్డచోట మళ్లీ మొలుస్తాయని చెప్పలేను."

గుండు మీద చెయ్యి పెట్టుకుని పిల్ల అడిగింది.

"నాన్న జుట్టు కూడా పోయిందామ్మా?"

అతను పోయిన రోజున కూడా ఇల్లు ఇంత ఖాళీగా లేదు.

మర్నాడు షాపుకి వెళ్లింది. పోట్లాడే ఓపిక లేదు.

"ఆ తలగుడ్డ ఆవిడ ఎక్కడుంటుందమ్మా?"

"ఆ పిచ్చావిడా?" సేల్స్ అమ్మాయి నవ్వింది. "రోజూ ఈ అర దగ్గరే కాపలా కాసేది మేడమ్. మీరు గడ్డిపెట్టిన రోజు పోయింది, మళ్లీ రాలేదు. పీడా వదిలింది."

అరనిండా అవే డబ్బాలు, అవే ఎర్ర స్టిక్కర్లు.

ఇంటికొచ్చి పిల్ల తలకి గుడ్డ కట్టింది. నుదుటిదాకా లాగి ముడివేసింది.

స్నానాలగదిలో డబ్బా ఉంది. పారేయబోతే 'మీవాళ్ల' అన్న అక్షరాలు కంటబడ్డాయి. ఆవిడ గీకిన అంచు ఇంకా లేచే ఉంది. దాన్ని పట్టుకుని సర్రున లాగేసింది.

గంపెడు ఉంగరాల మధ్య నవ్వుతున్న ఆ మొహంలో, ఎడమ కనుబొమ రెండు ముక్కలుగా ఉంది.