నమూనాకి ఒకటి చాలు

దావూద్ ఎడమ చెప్పు మళ్ళీ పోయింది. రెండు నెలల్లో ఇది మూడోసారి. ప్రతిసారీ శుక్రవారమే, మసీదు మెట్ల దగ్గరే, ఎడమదే.

వన్‌టౌన్‌లో చెప్పులు కుట్టే దావూద్ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన కుట్టే చెప్పుకి వేళ్ళ మీద ఒక్క తోలు పట్టీ, వెనక ఏమీ ఉండదు. కాలు దూర్చి నడిచెళ్ళిపోవడమే. అలాంటి మనిషి చెప్పే పోతే ఊరుకుంటాడా?

ఆ రోజు కూడా ఎప్పటిలాగే చేపల మార్కెట్ సందులో జనాన్ని తోసుకుంటూ ఆదరాబాదరాగా నమాజుకి వెళ్ళాడు. బయటికొచ్చి చూస్తే కుడి చెప్పు ఒక్కటే ఉంది. అటు నుంచి అటే, మసీదు వెనక వీధిలోని తన కొట్టుకి బయల్దేరాడు. మే నెల ఎండకి తారురోడ్డు పెనంలా కాలుతోంది. ఒంటి చెప్పుతో, ఫిరోజ్‌ని తిట్టుకుంటూ, ఎక్కడా నీడకి ఆగకుండా నడిచాడు. పాపం, కోపంలో ఒళ్ళు తెలియడం లేదని టీకొట్టు దగ్గరివాళ్ళు జాలిపడ్డారు.

ఫిరోజ్ పరాయివాడు కాడు. దావూద్ భార్య షరీఫున్నీసాకి ఒక్కగానొక్క తమ్ముడు. బావ దగ్గరే పని నేర్చుకుని, నిరుడు ఎదురుగానే కొట్టు పెట్టాడు. అదే అతను చేసిన నేరం.

ఒంటి చెప్పు ఎవడికి కావాలని షరీఫున్నీసా అడిగింది. దావూద్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"తొడుక్కోడానికైతే జత కావాల. నమూనాకి ఒకటి సాలు."

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఒక చెప్పు కుట్లు విప్పి, తోలు పరిచి, కొలత గీసుకుంటే చాలు. రెండోది తిరగేసి కోసుకోవచ్చు. ఆ పని ఫిరోజ్‌కి నేర్పింది దావూదే.

ఈసారి దావూద్ మసీదు పెద్దల ముందు పంచాయితీ పెట్టాడు. తాను తియ్యలేదని ఫిరోజ్ ఎంత మొత్తుకున్నా, తియ్యలేదని రుజువు ఎక్కణ్ణుంచి తెస్తాడు? పెద్దలు ఏమీ తేల్చలేదు. వీధి మాత్రం తేల్చేసుకుంది. ఫిరోజ్ కొట్టు మెట్టెక్కినవాళ్ళు లేరు.

పది రోజులు తిరక్కుండా అతను కొట్టుకి తాళం వేశాడు. రైలెక్కే ముందు అక్క గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మనే ధైర్యం ఆమెకి లేకపోయింది.

"నువ్వైనా నన్ను నమ్ముతన్నావా ఆపా?"

నమ్ముతున్నానంటే మొగుడు అబద్ధాలకోరు. లేదంటే తమ్ముడు దొంగ. షరీఫున్నీసా ఏడ్చింది, అంతే. ఆ ఏడుపుని అతను ఎలా అర్థం చేసుకున్నాడో, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చెన్నైలో ఏదో బూట్ల కంపెనీలో పనట. ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసినా స్విచాఫ్ అనే వస్తోంది.

ఆ తర్వాతి సోమవారం ఇల్లు తుడుస్తుంటే గచ్చు మీద నెత్తుటి మరకలు కనిపించాయి. మంచం దగ్గర్నుంచి పెరటి దాకా వరసగా ఉన్నాయి. దావూద్ ఎడమ పాదం ఎత్తి చూసింది. అరికాలిలో నల్లగా, లోతుగా పుండు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి. మాత్ర ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మరిచిపోతాడు.

"నొప్పే నేదు. నొప్పి నేని పుండుకి డాక్టరేటి?" అన్నాడు దావూద్.

ఆమె అన్నం మానేస్తానని బెదిరించి, సీతమ్మధారలో షుగర్ డాక్టర్ దగ్గరికి ఆటోలో బయల్దేరదీసింది. దారంతా దావూద్‌కి ఫిరోజ్ గొడవే. దొంగ ఊరొదిలాడు కాబట్టి ఇక శుక్రవారాలు నిశ్చింతగా నమాజు చేసుకోవచ్చన్నాడు.

ఆటో దిగి దావూద్ ముందు నడిచాడు. షరీఫున్నీసా దిగి చూసేసరికి అతను క్లినిక్ గుమ్మం దగ్గరున్నాడు.

తలుపు మీది డాక్టర్ పేరు చదువుకుంటూ దావూద్ కుడి చెప్పు విడిచాడు, ఎడమ కాలిని కూడా అలాగే విదిలించాడు, ఆ కాలి చెప్పు ఆటో దిగిన చోటే జారి నడిరోడ్డు మీద పడి ఉందని తెలియకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.