నాలుగు చీమలకు ఒకే మాట

చెరువు గట్టు మీది పుట్టలో, అడుగునున్న నాలుగు గదుల నిండా చీమల గుడ్లున్నాయి. వాటికి కాపలా ముసలి చీమ నాంచారమ్మ. పడమట మబ్బు కమ్ముకొచ్చేసరికి, కింది గదుల్లోకి నీళ్లొస్తాయని ఆమెకు భయం పట్టుకుంది.

"ఒక గది తర్వాత ఒక గది ఖాళీ చేస్తూ కూర్చుంటే వాన ఆగుతుందా? అన్నీ ఒకేసారి అయిపోవాలి" అనుకుని నాలుగు పనిచీమల్ని పిలిచింది. చీమల ఆచారం ప్రకారం ఒక్కోదాని మీసం తాకి, నాలుగింటికీ ఒకే మాట చెప్పింది. "కింది గుడ్లు పైకి చేర్చండి. అవగానే వచ్చి నా మీసం తాకండి."

అవి పరుగెత్తాయి. నాంచారమ్మ కిందికి పోయే దారి దగ్గరే నిలబడి, "ఇంకా రారేమర్రా!" అని అల్లాడిపోయింది. మొదటిది వచ్చి మీసం తాకింది. రెండోది, మూడోది, చివరికి నాలుగోది కూడా తాకింది. "హమ్మయ్య" అని ఆమె గబగబా ఆ దారిని మట్టితో మూసేసింది. అంతలోనే వాన అందుకుంది.

"ఇంత తొందరగా ఎలా చేశారర్రా?" అంది మురిపెంగా.

"నలుగురం పట్టాం కదవ్వా!" అంది నాలుగోది. "దగ్గరున్న మొదటి గది చిటికెలో ఖాళీ అయింది."

"మరి మిగతా మూడు?"

"ఏ గది ఎవరిదో నువ్వు చెప్పలేదు కదవ్వా!" అంది మొదటిది. మూసిన మట్టి అప్పుడే కింది నుంచి తడిసి, నాంచారమ్మ కాళ్లకి చల్లగా తగిలింది.