మబ్బు మూసేలోగా

"నాను ఎక్కను" అంది రత్నావతి, తూకం మీద నిలబడే.

"అరవై ఎనిమిది" అని రాసుకున్నాడు కౌంటర్లో ఉన్న గణేశన్. బారియో ఎయిర్‌పోర్టులో సామానుతో పాటు మనుషుల్ని కూడా తూస్తారు. సరావాక్ కొండల మధ్య, మూడు వేల అడుగుల ఎత్తున, చిన్న రన్‌వే. వచ్చేది పంతొమ్మిది సీట్ల విమానం.

"మెల్లిగా సెప్పు బాబూ. తూకం మాట బయటికొస్తే మా ఆవిడికి కోపం" అన్నాడు రామదాసు.

"తూకం సంగతి కాదండీ! ఇయ్యాల సోమారం. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. తొమ్మిది దాటినాకే కాలు పెడతాను."

రామదాసు నుదురు కొట్టుకున్నాడు. "ఏటే ఇది? నీ కేలెండరు సముద్రం అవతల బ్రిక్‌ఫీల్డ్స్‌లో కొన్నాది. అక్కడికంటే ఇక్కడ సూర్యుడు గంట ముందే లేస్తాడు. ఆ లెక్కన ఇక్కడ రాహుకాలం ఎనిమిదికే అయిపోయినాది. నీ రాహువు ఏ ఊరి గడియారం సూసుకుంటాడేటి?"

రత్నావతి మొహం పక్కకు తిప్పుకుంది.

గణేశన్ ఇపో పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన తమిళుడు. ఇంట్లో అమ్మమ్మ తెలుగావిడ కావడంతో తెలుగు బాగానే వచ్చు. కిటికీలోంచి చెయ్యి చూపించాడు.

"అమ్మా, ఆ రెండు కొండల మధ్య సందు చూడండి. ఇప్పుడు తెరిచే ఉంది. ఇంకో గంటలో లోయలోని మంచు పైకి లేచి, మబ్బై దాన్ని మూసేస్తుంది. మూసిందంటే ఇవాళ్టికి విమానం లేదు. పైగా ఎండెక్కితే ఇక్కడి గాలి ఇంకా పలచబడుతుంది. అప్పుడింత బరువుతో లేవదు, సామాను దించెయ్యాలి."

ఈ ఊరి బడిలో టీచరుగా ఉన్న కొడుకును చూసిపోదామని వచ్చారు భార్యాభర్తలు. శుక్రవారమే వెళ్లిపోవాల్సింది. మూడు రోజులుగా ఆ సందు తెరుచుకోలేదు. ఎల్లుండి తెల్లవారుజామున, ఇక్కడికి రోజు ప్రయాణం దూరంలో ఉన్న బాగన్ దాతుక్‌లో మనవరాలు మనీష పెళ్లి. తండ్రి లేని పిల్ల. కన్యాదానం చెయ్యాల్సింది వీళ్లిద్దరే.

రత్నావతి ఆ సందు వైపు చూసింది. అట్టపెట్టెలో పెళ్లి కోసం సర్దుకున్న పన్నెండు అనాసపళ్ల వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"సరే. పిల్ల పెళ్లి కంటే రాహువు పెద్దోడు కాడు. పదండి, ఎక్కుదాం."

గెలిచిన మనిషి నవ్వాలి కదా, రామదాసు నవ్వలేదు. "అదీ మాట" అని మాత్రం గొణిగాడు.

ఎనిమిదిన్నరకు విమానం దిగింది. "ఐసీ కార్డులు ఇవ్వండి" అన్నాడు గణేశన్. రత్నావతి తన గుర్తింపు కార్డు ఇచ్చింది. రామదాసు చొక్కా జేబు తడిమాడు. ప్యాంటు జేబులు తడిమాడు. మొహం వేలాడేశాడు.

"నా ఐసీ కనబడ్డం లేదు."

"ఏటీ!"

పోర్ట్ క్లాంగ్ గోదాములో ముప్పై రెండేళ్లు గుమస్తా పని చేసినవాడు రామదాసు. ఒక్క చీటీ కూడా పోనివ్వలేదని రిటైరైన రోజు జ్ఞాపిక కూడా ఇచ్చారు. అలాంటి మనిషి పెట్టె బోర్లించి, నేల మీద కూర్చుని బనియన్లు దులుపుతుంటే చూడలేకపోయింది రత్నావతి.

"కళ్లజోడు డబ్బా సూసినారా?"

"సూసినాను!"

"మళ్లీ ఓసారి సూడండి."

"సూసినానంటే నమ్మవేటే!"

తోటి ప్రయాణికులు కూడా వంగి బెంచీల కింద వెతికారు. పైలట్ లోపలికి వచ్చి గడియారం చూపించాడు. సరిగ్గా తొమ్మిదీ అయిదుకి ఇంజను స్టార్ట్ చేస్తాడట, ఉన్నవాళ్లతో వెళ్లిపోతాడట. సందు కింది నుంచి మబ్బు మెల్లగా పాకుతోంది. రత్నావతి తాళిని కళ్లకు అద్దుకుంది. ఎనిమిది యాభై. ఎనిమిది యాభై ఏడు. తొమ్మిది.

రామదాసు జేబులో ఫోను గణగణ మోగింది.

"ఏటదీ?"

"ఏటీ లేదు, బీపీ మాత్ర టైము" అని ఫోను నొక్కేసి, అతను కళ్లజోడు డబ్బా తెరిచాడు. "అదిగో! గుడ్డ కిందే ఉండిపోయినాది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరూ విమానం వైపు పరుగెత్తారు. కానీ ఎండెక్కింది. పైలట్ పాతిక కిలోలు దించమన్నాడు. ఆఖరున వచ్చిన వీళ్ల అట్టపెట్టె దిగిపోయింది.

"నా పళ్లు!" అంది రత్నావతి, సీటు బెల్టు పెట్టుకుంటూ. "మీ పుణ్యాన అన్నీ పోయినాయి. పోనీలెండి, రాహుకాలంలో ఎక్కకుండా ఆ దేవుడే మీ కార్డు దాసినాడు."

"దేవుడికి ఇదే పనేటి! సదువుకున్నోళ్లు నవ్వుతారు."

విమానం లేచింది. మబ్బు రెక్కను రాసుకుంటుండగా సందు దాటింది. రామదాసు కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి చూస్తే కొండలు లేవు, అంతా తెలుపే. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే పెళ్లి తప్పిపోయేదని తలచుకుని రత్నావతి మరోసారి తాళిని కళ్లకు అద్దుకుంది.

అతని చొక్కా జేబులో ఫోను మళ్లీ మోగింది.

"అయ్యో, మీరు మాత్ర ఏసుకోనే లేదు!" అంటూ నీళ్ల సీసా ఒక చేత్తో అందుకుని, రెండో చేత్తో ఫోను బయటికి తీసింది.

తెర మీద "రాహుకాలం అయిపోయింది" అని ఉంది.