పన్నెండో వస్తువు

మొదటి సీజన్‌లో దయ్యం మాయం చేసిన పన్నెండు వస్తువుల్లో పదకొండు బాబాయి ఇంట్లో ఉన్నాయి.

బాబాయి అంటే ఎవరికో ఒకరికి బాబాయి కాదు. ఆ దయ్యాల సీరియల్‌లో సెట్టు సామానంతా ఆయన చేతి కింద ఉంటుంది. నడుముకి తాళాలగుత్తి గలగలలాడుతుంటే, నిర్మాత నుంచి మేకప్ అమ్మాయి దాకా అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు.

నిజానికి ఆయన దొంగ కాదు. ఆయన్ని చెడగొట్టింది ఒక ఊగే కుర్చీ.

మొదటి ఎపిసోడ్‌లో హాలు మధ్య దర్జాగా ఊగిన ఆ కుర్చీ, రెండో ఎపిసోడ్ షూటింగ్ నాటికి లేదు. బాబాయి గోడౌనంతా గాలించి, చెమటలు కక్కుతూ వచ్చేసరికి రైటర్ చేతిలో కాగితం సిద్ధంగా ఉంది.

"వెతక్కు బాబాయ్. దయ్యం ఎత్తుకెళ్ళిందని రాసేశాను."

జనం వెర్రెత్తిపోయారు. వచ్చే వారం ఏం మాయమవుతుందోనని పందేలు కట్టుకున్నారు. పోయిన కుర్చీ గురించి బాబాయిని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

అక్కడే ఆయన బుర్రలో బల్బు వెలిగింది. పక్కన దయ్యం ఉండగా తనకేం భయం?

మూడో వారం గోడ గడియారం మాయమైంది. నాలుగో వారం నిలువుటద్దం. తర్వాత రేడియో, టేబుల్ లాంపు, కిటికీ తెరలు, పింగాణీ టీ సెట్టు... వస్తువు పోయిందని చెప్పిన ప్రతిసారీ రైటర్ మొహం పాలిపోయేది. పాపం, మళ్ళీ కథ మార్చాలని కాబోలు అనుకునేవాడు బాబాయి. ఏమాటకామాటే, రైటర్ మారు మాట్లాడకుండా అంతా దయ్యం నెత్తినే రుద్దేవాడు.

సీజన్ బ్రహ్మాండంగా ముగిసింది. ఆ జ్ఞాపకాలన్నీ నెమరేసుకుంటూ స్టేజీ మీద ఒక కార్యక్రమం చేద్దామన్నారు. నిర్మాత మీటింగు పెట్టి, పిడుగులాంటి మాట చల్లగా చెప్పాడు.

"దయ్యం ఎత్తుకెళ్ళిన పన్నెండు వస్తువులూ స్టేజీ మీద పెట్టిద్దాం. అన్నీ గోడౌన్‌లోనే ఉన్నాయిగా బాబాయ్?"

"ఎక్కడికి పోతాయి బాబూ!" అన్నాడు బాబాయి. గొంతు మాత్రం ఎక్కడికో పోయింది.

"ఒక్కటి తగ్గినా ఊరుకోను. పోలీసుల్ని పిలిపించి అందరి ఇళ్ళూ సోదా చేయిస్తా. రెండో సీజన్‌కి తాళాలు ఇంకొకరికిస్తా."

రైటర్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "పదకొండు చాలవా సార్? ఆ కుర్చీ ఇక దొరకదు లెండి."

అంత గట్టిగా ఎలా చెబుతున్నాడు? బాబాయి తాళాలగుత్తిని గట్టిగా పట్టుకున్నాడు. వీడికి నామీద అనుమానం వచ్చేసింది!

ఇంట్లో భార్య అద్దం ముందు జడ అల్లుకుంటోంది. బాబాయి వెనక నుంచి వచ్చి అద్దం ఎత్తేశాడు.

"అయ్యో, ఇదేంటండీ! సగం జడలో ఉన్నాను!"

"దయ్యం వెనక్కి అడుగుతోందే."

"ఇచ్చిన వాటిని మళ్ళీ అడగడానికి దానికి సిగ్గు లేదూ? గడియారం కూడానా? రేపు మీకు డ్యూటీ టైమెలా తెలుస్తుంది?"

"డ్యూటీ ఉంటే కదే టైము!"

ఆవిడ తెరలు విప్పి మడతపెడుతూ ఓ క్షణం ఆలోచించింది. "పోనీ, రెండో సీజన్‌లో ఫ్రిజ్ ఉందేమో కనుక్కోండి."

పదకొండు వస్తువులూ గప్‌చుప్‌గా గోడౌన్ చేరాయి. మిగిలింది కుర్చీ. తాను ఎత్తుకెళ్ళనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? తెగించి సెట్టు వడ్రంగి దగ్గరికి వెళ్ళి మొదటి ఎపిసోడ్ ఫోటో చేతిలో పెట్టాడు.

"అచ్చం ఇలాంటిదే రెండ్రోజుల్లో కావాలి. ఎవరికీ చెప్పకు."

"ఎవరు కూర్చోడానికి బాబాయ్?"

"దయ్యం. నిలబడి నిలబడి దాని కాళ్ళు పీకేస్తున్నాయట."

వడ్రంగి పగలబడి నవ్వాడు గానీ, పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. కొత్త చెక్క మీద టీ డికాక్షన్ పూశాడు. ఇసక కాగితంతో రుద్ది ముసలితనం తెప్పించాడు. కుడిచెయ్యి ఆనించే పట్టీ మీద ఎలక కొరికినట్టున్న చిన్న గాటును కూడా ఫోటోలో చూసి చెక్కాడు. పూర్తయ్యాక చూసి, అసలు కుర్చీయే నడిచొచ్చిందా అని బాబాయి కళ్ళు నులుముకున్నాడు.

కార్యక్రమం రోజు హాలు కిక్కిరిసింది. స్టేజీ మీద యాంకరమ్మ రైటర్‌ని అడిగింది. "ఇంత భయంకరమైన కథ మీరు ఎక్కడ కూర్చుని రాస్తారు సార్?"

"ఇంట్లోనే. ఎక్కడో... ఓ చోట కూర్చుని," అంటూ మంచినీళ్ళు అడిగాడు రైటర్.

తెర లేచింది. గడియారం, అద్దం, రేడియో... వరసగా పదకొండు. చిట్టచివర, దీపం వెలుగులో మెల్లగా ఊగుతూ పన్నెండోది. హాలంతా ఈలలు, కేకలు! నిర్మాత పరుగున వచ్చి బాబాయిని వాటేసుకున్నాడు. "రెండో సీజన్ తాళాలు కూడా నీవే బాబాయ్!"

బాబాయికి గాల్లో తేలిపోతున్నట్టుంది. గట్టెక్కాడు! ఇక ఏ దయ్యమూ తనని ఏమీ చేయలేదు.

అంతలో రైటర్ చేతిలోని గ్లాసు జారి భళ్ళున పగిలింది. అతను కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఆ గాటు మీద వేలు పెట్టి చూశాడు. నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. తడబడుతూ మెట్లు దిగొచ్చి, మంచుగడ్డలాంటి చేత్తో బాబాయి చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను కాపాడు బాబాయ్! పదకొండూ దయ్యం ఎత్తుకెళ్ళిందేమో గానీ, ఆ కుర్చీ ఎత్తుకెళ్ళింది నేనే... అది మా ఇంట్లో ఉంది, పొద్దున కూడా అందులో కూర్చుని కాఫీ తాగే వచ్చాను!"